స్కూళ్లలో రీసైక్లింగ్ పోటీలు: కాటా ఒక్కటే చూస్తే గెలిచేది చెత్తే

జూన్‌లో కొత్త వాసనతో ఇంటికొచ్చే నోట్‌బుక్కులు ఏప్రిల్ చివరికల్లా కబాడీ షాపుకు చేరిపోతాయి. సగం పేజీలు ఖాళీగా ఉన్నవి కూడా వాటిలోనే వెళ్తాయి. స్కూలు ఆవరణలో అయితే రోజూ కనిపించేది వేరే సరుకు. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ కవర్లు, నీళ్ల సీసాలు, పెన్సిల్ చెక్కిన పొట్టు, మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం, గుడ్డు పెంకులు అన్నీ ఒకే డబ్బాలో పడతాయి. సాయంత్రం ఆయా ఆ డబ్బాను గేటు బయట కుమ్మరిస్తే, మర్నాడు స్వచ్ఛ ఆటో వచ్చేలోపు కుక్కలు, మేకలు సగం చెదరగొడతాయి.

దీన్ని మార్చాలని చాలా స్కూళ్లు ఏదో ఒక ఏడాది మొదలుపెడతాయి. జూన్ 5న పర్యావరణ దినోత్సవం రోజు రంగు డబ్బాలు వస్తాయి, ర్యాలీ తీస్తారు, ఫొటోలు దిగుతారు. దసరా సెలవులొచ్చేసరికి ఆ డబ్బాల్లో మళ్లీ అంతా కలిసిపోయి ఉంటుంది. పిల్లలకు ఇష్టం లేక ఇలా జరగదు. వాళ్లు వేరు చేసి వేసినదాన్ని చివరికి ఎవరు, ఎక్కడికి, ఎలా తీసుకెళ్తారో ముందే ఎవరూ తేల్చుకోకపోవడమే అసలు కారణం.

అందుకే రీసైక్లింగ్ పని డబ్బాలు కొనడంతో కాదు, కబాడీ షాపుకు వెళ్లి మాట్లాడటంతో మొదలవ్వాలి. ఏది కొంటాడు, ఏది కొనడు, ఎంత పోగైతే బండి పంపిస్తాడు, ఏ రోజు వస్తాడు అని అడగాలి. దినపత్రికల రేటు వేరు, రాసిన నోట్‌బుక్కుల రేటు వేరు, అట్టపెట్టెల రేటు వేరు. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెడితే తీసుకుంటాడు. నీళ్ల సీసాలు తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్లు మాత్రం దాదాపు ఎక్కడా తీసుకోరు. ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత, దానిపై మళ్లీ ప్లాస్టిక్ అతికించి చేసే ఆ కవర్‌ను విడదీయడం కష్టం, బరువు చూస్తే ఏమీ ఉండదు. స్కూలు చెత్తలో ఎక్కువగా కనిపించేది మాత్రం అదే. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే స్కూలు ప్రణాళిక సగం మారిపోతుంది. చిప్స్ ప్యాకెట్‌కు డబ్బా పెట్టడం కన్నా దాన్ని స్కూల్లోకి తేకుండా చూడటమే దారి అని అర్థమవుతుంది.

హైదరాబాద్ పాతబస్తీలోనూ, జిల్లా కేంద్రాల్లోని చాలా మొహల్లాల్లోనూ పాత సామాన్ల వ్యాపారం ముస్లిం కుటుంబాలకు కొత్తేమీ కాదు. తోపుడు బండి మీద పాత ఇనుము, ప్లాస్టిక్, పేపర్ కొనేవాళ్లు, చిన్న గోదాముల్లో కూర్చుని ఏరి వేరు చేసే ఆడవాళ్లు, పెద్ద వ్యాపారులు అందరూ ఇందులో ఉన్నారు. వాళ్ల పిల్లలు కూడా ఇవే స్కూళ్లలో చదువుతారు. టీచర్లు బాగా జాగ్రత్తపడాల్సిన చోటు ఇదే. 'చెత్త ఏరేవాళ్లు' అంటూ ఎగతాళిగా వాడే మాట ఒకటి క్లాసులో పడిందంటే, ఆ పిల్లవాడు ఆ రోజు నుంచి రీసైక్లింగ్ పేరెత్తితేనే తల దించుకుంటాడు. అదే కబాడీ పని చేసే తండ్రినో చాచానో స్కూలుకు పిలిచి, పెట్ సీసాకు మామూలు ప్లాస్టిక్ మూతకు తేడా ఎలా కనిపెడతారో, ఇత్తడికి రాగికి తేడా ఎలా తెలుస్తుందో చెప్పమంటే కథ మారిపోతుంది. ఆ ముప్పై నిమిషాలకు సాటి వచ్చే పవర్ పాయింట్ పాఠం ఉండదు. నగరంలో రీసైక్లింగ్ అనే పని ఎంతో కొంత జరుగుతోందంటే అది వాళ్ల చేతుల మీదుగానే.

తెలుగు నేల మీద దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2003 ప్రాంతంలో సూర్యాపేట మున్సిపల్ కమిషనర్‌గా ఉన్న ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఊళ్లో వీధి కుండీలే లేకుండా చేశారు. ఇంటింటి నుంచి తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకోవడం, తడి చెత్తతో ఎరువు చేయడం, పొడి చెత్త అమ్మడం అన్న పద్ధతిని అక్కడ నిలబెట్టారు. దేశంలో ఇతర ఊళ్ల మున్సిపాలిటీలకు చూపించే ఉదాహరణగా సూర్యాపేట పేరు చాలా కాలం వినిపించింది. కుండీ తీసేస్తేనే చెత్త తగ్గుతుందన్న మాట వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, స్కూలుకు కూడా అది వర్తిస్తుంది. ప్రతి మూలా ఒక డబ్బా ఉంటే ఎవరూ చూసుకోరు. ప్రతి అంతస్తుకు ఒకేచోట మూడు డబ్బాలు పక్కపక్కన పెట్టి, వాటికి ఒక క్లాసును బాధ్యులను చేస్తే ఎవరు ఏది వేస్తున్నారో కనిపిస్తుంది.

చట్టం సంగతి పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. చెత్తను పుట్టినచోటే వేరు చేయడం ఆ చెత్త వేసేవాళ్ల బాధ్యతేనని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు, స్పూన్ల వంటి ఒకసారి వాడి పారేసే వస్తువులపై దేశమంతటా నిషేధం ఉంది. అయినా స్కూలు వార్షికోత్సవాల్లో అవే ప్లేట్లు కనబడతాయి.

ముందు ఒక వారం తూకం

పోటీ ప్రకటించే ముందు స్కూలు చెత్తను ఒక వారం తూచి చూడాలి. ఖరీదైన పరికరాలేమీ వద్దు. కూరగాయల బండిపై వేలాడే స్ప్రింగ్ కాటా చాలు. రోజూ సాయంత్రం ఒక పాత బరకం పరిచి, పెద్ద క్లాసు పిల్లలు నలుగురైదుగురు, ఒక టీచరు కలిసి చెత్తను మూడు నాలుగు కుప్పలుగా చేసి తూచాలి. పేపరు ఎంత, తడి చెత్త ఎంత, అమ్ముడుపోయే ప్లాస్టిక్ ఎంత, ఏ కుప్పలోనూ చేరనిది ఎంత అన్నది ఒక రిజిస్టరులో రాయాలి. చేతులకు గ్లవ్స్ ఉండాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. టాయిలెట్ల చెత్త, శానిటరీ ప్యాడ్లు, పగిలిన గాజు, మందుల స్ట్రిప్పులు, సూదులు, ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు పిల్లలు ముట్టుకోకూడదు. ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఉంటుంది. పాత ఫోన్లు, ఛార్జర్లు కూడా పోటీలోకి రానివ్వకపోవడమే మంచిది. ఇంట్లో వాటిని విప్పి చూడాలన్న సరదా పిల్లలకు పుట్టకముందే ఆ మాట చెప్పాలి.

ఈ వారం రోజుల లెక్క రెండు పనులు చేస్తుంది. ఒకటి, పోటీ తర్వాత ఏమైనా మారిందా అని పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది. రెండు, బరువులో ఎక్కువ భాగం తడి చెత్తేనని చాలా స్కూళ్లలో ఈ తూకంతోనే బయటపడుతుంది. మధ్యాహ్న భోజనం వండే ప్రభుత్వ స్కూళ్లలోనూ, మూడు పూటలా వంట జరిగే గురుకులాల్లోనూ మరీ ఎక్కువ. తెలంగాణలో 204 మైనారిటీ గురుకులాలు ఉన్నాయి. అక్కడ ప్లాస్టిక్ సీసాల కన్నా కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం గురించి మాట్లాడటమే అవసరం. రంధ్రాలు చేసిన ఒక పాత డ్రమ్ములో ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండాకులు వేస్తూ, వారానికి రెండుసార్లు కలియబెడితే రెండు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. స్కూలు వేపచెట్టు ఆకులు తగలబెట్టే అలవాటు కూడా దాంతో పోతుంది. నూనె, మాంసం, ఎముకలు మాత్రం అందులో వేయకూడదు. ఎలుకలొస్తాయి.

పోటీలో అసలు చిక్కు

ఏ స్కూలు ఎక్కువ కిలోలు తెస్తే దానికి బహుమతి అన్న నియమం వినడానికి సూటిగా ఉంటుంది. దాని ఫలితం మాత్రం తలకిందులుగా వస్తుంది. పిల్లలు ఇంట్లో ఇంకా వాడుతున్న డబ్బాలు ఎత్తుకొస్తారు. అమ్మీ వద్దన్నా కూల్‌డ్రింక్ సీసాలు కొనిపిస్తారు. కబాడీ షాపులోనే పది కిలోల పేపరు కొని తెచ్చి ఇచ్చే తండ్రులూ ఉంటారు. తడిపిన పేపరు ఎక్కువ తూగుతుందని కనిపెట్టడానికి ఐదో తరగతి పిల్లలకు రెండు రోజులు చాలు. ఇలా జరిగితే పోటీ ముగిసేసరికి మొహల్లాలో చెత్త తగ్గకపోగా పెరుగుతుంది. డబ్బున్న ఇంటి పిల్లల స్కూలే గెలుస్తుంది. ఎందుకంటే ఎక్కువ కొనేవాళ్ల దగ్గరే ఎక్కువ చెత్త ఉంటుంది. రోజుకు ఒక్క పేపరు కూడా వేయించుకోని ఇంటి పిల్ల ఖాళీ చేతులతో వచ్చి నిలబడాలి.

ఈ చిక్కుకు పరిష్కారాలు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. అమెరికాలో 2001లో ఒహాయో యూనివర్సిటీ, మయామీ యూనివర్సిటీ అనే రెండు విద్యాసంస్థలు తమలో తాము ఒక రీసైక్లింగ్ పోటీ పెట్టుకున్నాయి. రీసైకిల్‌మేనియా పేరుతో అది తర్వాత వందలాది క్యాంపస్‌లకు పాకింది. తెలుగు విద్యార్థులు చదివే చాలా యూనివర్సిటీలు అందులో పాల్గొన్నాయి. అక్కడ మొత్తం బరువు ఒక్కటే కాదు, తలకు ఎంత అన్నది కూడా చూశారు. కాలక్రమంలో పోటీ పేరులోకే 'జీరో వేస్ట్' అన్న మాట వచ్చింది. ఎంత పోగు చేశామన్నది ఒక్కటే కాదు, ఎంత తక్కువ పారేశామన్నది కూడా చూడాలన్న ఆలోచన అందులో ఉంది.

తలసరి లెక్క ఎందుకు ముఖ్యమో చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. 1200 మంది పిల్లలున్న ప్రైవేటు స్కూలు 300 కిలోల పేపరు తెచ్చిందనుకుందాం. 150 మంది ఉన్న ఉర్దూ మీడియం ప్రభుత్వ స్కూలు 60 కిలోలు తెచ్చింది. మొత్తం బరువు చూస్తే పెద్ద స్కూలుదే గెలుపు. తలకు చూస్తే పెద్ద స్కూలుకు 250 గ్రాములు, చిన్న స్కూలుకు 400 గ్రాములు. చిన్న స్కూలు గెలిచింది. ఈ లెక్కను ఆరో తరగతి లెక్కల పీరియడ్‌లో పిల్లలతోనే చేయిస్తే పోటీకి ఒక పాఠం కూడా కలిసొస్తుంది.

అయినా తలసరి ఒక్కటే సరిపోదు. మూడు విషయాలకు మార్కులుంటే మేలు. స్కూలు నుంచి బయటకు పోయే కలిపిన చెత్త మొదటి వారంతో పోలిస్తే ఎంత తగ్గిందన్నదానికి సగం మార్కులు. డబ్బాలో వేరే సరుకు కలవకుండా ఎంత శుభ్రంగా ఉందన్నదానికి పాతిక వంతు. తెచ్చిన సరుకు తలసరి బరువుకు మిగిలిన పాతిక. మధ్యలో ఎవరైనా టీచరు చెప్పకుండా వచ్చి ఒక డబ్బా తెరిచి చూడాలి. పేపరు డబ్బాలో నూనె అంటిన పేపరో, అరటితొక్కో ఉంటే మార్కు కట్. తడిసిన, నూనె అంటిన పేపరు పక్కనున్న మంచి పేపరును కూడా పాడుచేస్తుంది. మిల్లులో పేపరును నీటిలో నానబెట్టి గుజ్జు చేస్తారు, నూనె దాంట్లో కలిసిపోయి వదలదు. ఇంటి నుంచి తెచ్చే సరుకుకు ఒక హద్దు పెట్టడం కూడా అవసరమే. ఒక్కో పిల్లకు వారానికి కిలో మించకూడదు అంటే చాలు, షాపులో కొని తేవడం ఆగిపోతుంది.

అస్సాంలో గువాహటి దగ్గర పామోహి అనే చోట అక్షర్ అనే స్కూలు ఉంది. 2016లో మొదలైన ఈ స్కూల్లో పిల్లలు ఫీజు కింద వారానికి 25 ప్లాస్టిక్ వస్తువులు తెస్తారు. చలి కాచుకోవడానికి ఆ ఊళ్లో ప్లాస్టిక్ తగలబెట్టేవాళ్లు, ఆ పొగ క్లాసులోకి వచ్చేది. అది ఆపడానికే ఈ ఆలోచన చేశారు. ఇక్కడి స్కూళ్లు దాన్ని అలాగే దించుకోనక్కర్లేదు, ఫీజు స్థానంలో చెత్త అన్న ఏర్పాటు అన్నిచోట్లా కుదరదు. కానీ ఇరవై అయిదు అనే అంకె వెనక ఒక తెలివి ఉంది. అందరికీ ఒకే సంఖ్య, ఎక్కువ తెస్తే గొప్ప కాదు. చిన్న క్లాసుల పోటీకి ఇది బాగా పనికొస్తుంది. పది పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి తెచ్చిన ప్రతి క్లాసూ గెలిచినట్టే. ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంపకుండా వేలాడేలా వదిలేయమని ఇంట్లో చెప్పి పంపాలి. ఆ చిన్న ముక్కలే కాలువల్లోకి పోతాయి, ఎవరి కాటాకూ ఎక్కవు.

పేపరు డబ్బాలో వేయకూడనివి

ముస్లిం ఇళ్ల నుంచి పేపరు సేకరించే స్కూళ్లు ముందే ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. దీనియాత్ పుస్తకాలు, ఉర్దూ పత్రికల్లోని మతపరమైన పేజీలు, బిస్మిల్లాతో మొదలయ్యే పెళ్లి కార్డులు, రంజాన్ టైమ్ టేబుళ్లు ఇళ్లలో దొంతరలుగా ఉంటాయి. అల్లాహ్ పేరు, ఖురాన్ వాక్యాలు ఉన్న కాగితం రద్దీలో వెళ్లి రేపు మిర్చి బజ్జీల పొట్లంగా తిరిగొస్తుందేమోనన్న భయంతో చాలామంది దాదీలు, నానీలు అసలు ఉర్దూ పేపరే బయటికి ఇవ్వనివ్వరు. దాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం పొరపాటు, పేపరు పోటీ అక్కడే ఆగిపోతుంది. చాలా మసీదుల దగ్గర ఇలాంటి 'ముఖద్దస్ ఔరాఖ్' కోసం వేరే పెట్టె ఉంటుంది. స్కూల్లో కూడా పేపరు డబ్బా పక్కనే, నేల మీద కాకుండా ఎత్తులో, మూత ఉన్న పెట్టె ఒకటి పెడితే ఈ చిక్కు తీరుతుంది. వాటిని తూకంలోకి తేకుండా మసీదు పెట్టెకు చేర్చాలి. ఇతర మతాల పిల్లలు చదివే స్కూలైతే దేవుడి బొమ్మల క్యాలెండర్లకూ అదే పెట్టె వాడొచ్చు. ఇంట్లో పెద్దలకు ఈ ఏర్పాటు గురించి ముందే చెబితే మిగతా పేపరు నిశ్చింతగా ఇస్తారు.

రెండోది స్కూలు ఆఫీసు సంగతి. అడ్మిషన్ ఫారాలు, ఆధార్ జిరాక్సులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మార్కుల రిజిస్టర్లు పోటీ ఊపులో కబాడీకి పోకూడదు. ఒక పిల్ల ఆధార్ నంబరు, తండ్రి ఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఒకే కాగితం మీద ఉంటాయి. అలాంటివి చించకుండా బయటికి పంపే పని లేదు. పాత రిజిస్టర్లకైతే శాఖ అనుమతి లేకుండా చేయి పెట్టకపోవడం మంచిది.

ఇక మూడోది అసలు డబ్బాలోకే రాకూడని మంచి సరుకు. ఏప్రిల్‌లో నోట్‌బుక్కులు అమ్మే ముందు ఖాళీ పేజీలు చింపి, కుట్టి, రఫ్ నోట్‌బుక్కులు చేస్తే ఒక స్కూలుకు ఏడాది పొడవునా సరిపోయే రఫ్ పుస్తకాలు వస్తాయి. పొట్టి అయిపోయిన యూనిఫాం, బూట్లు, ప్రైవేటు స్కూళ్ల పాఠ్యపుస్తకాలు తర్వాతి క్లాసు పిల్లలకు చేతులు మారితే కుటుంబానికి వేలల్లో మిగులుతుంది. రీసైక్లింగ్ కన్నా ఇదే మేలు. కాగితపు పీచు గుజ్జు చేసిన ప్రతిసారీ కొంత పొట్టిదవుతుంది, కొన్నిసార్ల తర్వాత ఇక పనికిరాదు. మళ్లీ వాడిన పుస్తకానికి ఆ నష్టం లేదు. పాత యూనిఫాం తీసుకునే పిల్ల పేరు మాత్రం అసెంబ్లీలో చదవకూడదు. శనివారం సాయంత్రం ఒక గదిలో అన్నీ పరిచి, ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకోనివ్వాలి.

డబ్బు, బహుమతి, తేదీలు

సరుకు అమ్మితే వచ్చే డబ్బు చిన్నదైనా తగాదా పెద్దదవుతుంది. కబాడీ ఇచ్చిన చీటీ, తేదీ, బరువు, రేటు రిజిస్టరులో రాసి, నోటీసు బోర్డు మీద అందరికీ కనబడేలా పెట్టాలి. తెలంగాణలో ప్రభుత్వ స్కూళ్లకు 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో తల్లిదండ్రుల కమిటీలు ఉన్నాయి. అందులోని ఒక తల్లి సంతకం ఆ రిజిస్టరులో ఉంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ డబ్బుతో ఏం కొనాలో పిల్లలే ఓటు వేసుకోవాలి. క్రికెట్ బ్యాటు కావాలంటే బ్యాటే. వాళ్లు పోగు చేసిన డబ్బుతో ప్రిన్సిపాల్ గదికి కర్టెన్లు వచ్చాయంటే వచ్చే ఏడాది ఒక్క సీసా కూడా రాదు.

బహుమతిగా ప్లాస్టిక్ కప్పులు, థర్మాకోల్ బోర్డులు, ఫ్లెక్సీలు ఇవ్వడం చూస్తే నవ్వొస్తుంది, అయినా అదే జరుగుతోంది. గెలిచిన క్లాసుకు వారంలో ఒక ఆటల పీరియడ్ అదనంగా ఇచ్చినా, లైబ్రరీకి పుస్తకాలు కొన్నా సరిపోతుంది. మొదటి మూడు స్థానాలతో పాటు మొదటి వారం నుంచి చివరి వారానికి ఎక్కువ మెరుగైన క్లాసుకు ఒకటి తప్పకుండా ఉండాలి. లేకపోతే రెండో వారానికే వెనకబడిన క్లాసులు చేతులెత్తేస్తాయి. స్కూలు ఆయాను, చెత్త ఆటో నడిపే ఆయనను బహుమతుల రోజు వేదిక మీద కూర్చోబెట్టాలి. ఆటోలో తడి, పొడి చెత్త మళ్లీ కలిపేస్తే పిల్లల పనంతా బూడిదలో పోసినట్టే కాబట్టి, ఆ ఆటో ఆయనతో పరిచయం మొదటి వారం నుంచే ఉండాలి. రెండు వేర్వేరు అరల్లో వేయించుకోవడానికి ఆయన ఒప్పుకున్నాకే పోటీ తేదీ ప్రకటించడం మంచిది.

నాలుగు వారాలు మించిన పోటీ పిల్లలకు విసుగు తెప్పిస్తుంది. పరీక్షల నెల, రంజాన్ నెల వదిలేయాలి. ఉపవాసం ఉన్న పిల్లలతో మధ్యాహ్నం ఎండలో చెత్త తూయించడం సరికాదు. నవంబరు, జనవరి చాలా చోట్ల కుదురుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర-స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఎలాగూ జరుగుతోంది. తూకం రోజు దానికే కలిపేసుకోవచ్చు. పక్కపక్క మొహల్లాల్లోని రెండు మూడు స్కూళ్లు కలిస్తే మొదటిసారికి చాలు. ఒక ఉర్దూ మీడియం, ఒక తెలుగు మీడియం, ఒక ప్రైవేటు స్కూలు కలిస్తే మరీ మంచిది. తూకం రోజు ఒక స్కూలు పిల్లలు ఇంకో స్కూలుకు వెళ్లి తూచాలి. అలా చేస్తే లెక్క మీద అనుమానం ఉండదు. గోడకు అటు ఇటు ఉంటూ ఏళ్ల తరబడి మాట్లాడుకోని పిల్లలు ఒకే కాటా దగ్గర నిలబడతారు.

నాలుగు వారాలు అయ్యాక మళ్లీ ఒక వారం, పోటీ లేకుండా, అదే స్ప్రింగ్ కాటాతో స్కూలు చెత్తను తూచాలి. మొదటి వారం అంకెలు, ఈ వారం అంకెలు రిజిస్టరులో పక్కపక్కన రాసి, ఆ రిజిస్టరును కాటాతో పాటు పదో తరగతి వాళ్లు వెళ్లిపోయే ముందు తొమ్మిదో తరగతి వాళ్లకు అప్పగించాలి.